ఓవెన్ మూతకి కట్టిన ఎర్ర ట్యాగు

మొన్న నువ్వు పంపిన ఫోటో చూశానమ్మా. పళ్లెం నిండా కూరగాయ ముక్కలు, అంచులు ఎర్రగా కాలి, పైన ఏవో గింజలు చల్లి ఉన్నాయి. కింద నువ్వు రాసింది కూడా కళ్ళజోడు పెట్టుకుని చదివాను. డాక్టరమ్మ హార్మోన్ల తేడా అందనీ, వేపుళ్ళు మానేసి ఇలా కాల్చిన కూరలు తినమందనీ, రూములో అమ్మాయిలందరికీ తెగ నచ్చేసిందనీ, చివరికి నీకు రెండు ముక్కలే మిగిలాయనీ రాశావు. పక్కన నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టావు.

నాకు నవ్వు రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నీ తమ్ముడి చేత కూడా చదివించు. వాడు పక్కవాళ్ళ పళ్లెంలో చెయ్యి పెట్టే రకం, అచ్చం మీ తాతయ్య పోలిక.

అవి తొంభైల చివరి రోజులు. మేం జంషెడ్‌పూర్‌లో సోనారి క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మీ నాన్న కాలేజీలో, మీ అత్త స్కూల్లో. మా అత్తగారు మాతోనే ఉండేవారు. ఆ ఏడాది నాకు ఏదో అయింది. కూర్చుంటే కునుకు, నిలబడితే నీరసం. దువ్వెన నిండా జుట్టు. పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బి ఉండేది. ఎప్పుడూ వేసుకునే గాజులు చేతికి ఎక్కడం మానేశాయి. సాక్చీ బజారులో గాజులవాడు సబ్బునీళ్ళు రాసి, నా చెయ్యి నొక్కి నొక్కి చివరికి, "మా జీ, బడా సైజ్ లే లీజియే" అని పెద్ద సైజు గాజులు చూపించాడు. ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు, "ఒళ్ళు సేసినావు, మంచిదే కదేటి" అన్నారు.

డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ. రక్తం పరీక్ష చేయించి, థైరాయిడ్ మందకొడిగా పనిచేస్తోందని తేల్చింది. పరగడుపున వేసుకోమని చిన్న తెల్లమాత్ర రాసింది. వేపుళ్ళు, నూనె, అప్పడాలు మానాలట. అన్నం తగ్గించి కూరగాయలు పెంచాలట. క్యాబేజీ, క్యాలీఫ్లవర్ లాంటివి పచ్చిగా తినకూడదట, బాగా మగ్గించి గానీ కాల్చి గానీ తినాలట. "మాత్ర తన పని తను చేస్తుంది, నీ పని నువ్వు చెయ్యాలి. ఇంత నీరసంతో ఇల్లంతా మోస్తే గుండె మీద పడుతుంది. మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తాను" అంది. గుండె అన్న మాట నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. పిల్లలు ఇంకా ఓ దరికి చేరలేదు కదా.

హార్మోను అన్న మాట గడప దాటి లోపలికి వచ్చిన రోజు నుంచీ అది మా ఇంట్లో మనిషి అయిపోయింది. పప్పులో ఉప్పు ఎక్కువైతే నా హార్మోను. తక్కువైతే కూడా నా హార్మోనే. మీ నాన్న పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు నేను కేకలేస్తే, మీ తాతయ్య పేపర్లోంచి తల ఎత్తకుండా, "వదిలీరా, మీ అమ్మకి హార్మోను" అన్నారు. మార్కులు తగ్గినది వాడికి, జబ్బు నాకు.

అయినా మీ తాతయ్య ప్రేమ లేని మనిషి కాదు. జీతం రాగానే సాక్చీ వెళ్ళి ఓవెన్ కొనుక్కొచ్చారు. గుండ్రటి అల్యూమినియం ఓవెన్, మూత మధ్యలో అద్దం, పక్కన ఎర్ర లైటు. ఇప్పటి మీ ఓవెన్లకి అది ముత్తవ్వ వరస అవుతుంది. వాడకం ఎలాగో దుకాణంలో అడిగారా అన్నాను. అదే నా తప్పయింది.

"ఓవెన్ గురించి నాకొకడు సెప్పాలేటే? నా ఉద్యోగవేఁటి?"

మీ తాతయ్య ఉద్యోగం ప్లాంట్‌లో, కోక్ ఓవెన్ల మెయింటెనెన్సులో. కోక్ ఓవెన్లంటే బొగ్గుని గాలి తగలకుండా కాల్చే పెద్ద పెద్ద కొలుములు, ఒక్కొక్కటి ఇంటికన్నా ఎత్తు. వాటి తలుపుల సందుల్లోంచి పొగ బయటికి రాకుండా మట్టితో మెత్తేవాళ్ళట. ఇదంతా నాకు ఎలా తెలుసంటే, మా ఇంట్లో అన్నం దగ్గర మాటలన్నీ అవే.

మొదటిరోజు క్యాలీఫ్లవర్, క్యారెట్, బీన్స్ ముక్కలు కోసి ట్రేలో పరిచి లోపల పెట్టాను. కాసేపటికి మూత పక్కల నుంచి సన్నగా ఆవిరి రావడం మొదలైంది. మీ తాతయ్య మొహం మాడిపోయింది.

"లీకేజీ! డోర్ లీకేజీ అవుతుంటే సూత్తా కూకున్నావేటే?"

"ఆవిరేనండీ. ముక్కల్లో నీళ్ళు."

"హీట్ పోతంది. గోధుమపిండి తడిపి ఇటియ్యి."

ఇచ్చాను. ఆయన చొక్కా చేతులు మడిచి, తాపీ మేస్త్రీలా మూత చుట్టూ పిండి మెత్తారు. వేలితో నున్నగా రాసి, కాస్త వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి చూసుకున్నారు. మా అత్తగారు గుమ్మంలో నిలబడి కొడుకు పనితనానికి మురిసిపోయారు. "నా బాబు సెయ్యి పడితే గాలి కూడా దూరదు" అన్నారు.

నిజంగానే దూరలేదు. లోపలి నీరు బయటికీ పోలేదు. గంట తర్వాత ఆ పిండి ఇటుకలా గట్టిపడింది. స్క్రూడ్రైవరుతో కొట్టి మూత తీస్తే లోపల ముక్కలన్నీ బాలింతకి పెట్టే కూరలా తెల్లగా, నీరుగా, దిగులుగా ఉన్నాయి. మీ నాన్న, మీ అత్త మాత్రం ఊడొచ్చిన పిండి పెచ్చుల్ని వెన్న రాసుకుని కరకరా నమిలేశారు. "మమ్మీ, యే తో మస్త్ హై" అంది మీ అత్త. కూరగాయలు పెంచమన్న నా పథ్యంలో ఆ పూట అందరికీ నచ్చింది ఆ పిండి ఒక్కటే.

ఆ తర్వాత ఆయన డ్యూటీకి వెళ్ళినప్పుడు నేను సొంతంగా నేర్చుకున్నాను. పెద్ద విద్యేం కాదు. ముక్కలు కడిగాక గుడ్డ మీద ఆరబెట్టాలి, తడి ఉంటే ఉడుకుతాయి గానీ కాలవు. ఒకదాని మీద ఒకటి పోయకూడదు, పక్కపక్కనే పరవాలి. ఓవెన్ ముందే వేడెక్కాలి. ఒక్క చెంచా నూనెలో ఉప్పు, పసుపు, మిరియాలపొడి, దంచిన వెల్లుల్లి కలిపి చేత్తో ముక్కలకి పట్టించాలి. మధ్యలో ఒకసారి మూత తీసి, లోపల పట్టిన చెమట తుడిచి, ముక్కలు తిరగేసి మళ్ళీ పెట్టాలి. దించాక వేయించిన నువ్వులపొడి చల్లాలి. గుమ్మడికాయకి జీలకర్ర, వంకాయకి అల్లం పచ్చిమిర్చి. అక్కడ దొరికే, లావు దొండకాయలా ఉండే పర్వల్‌ని మధ్యకి చీల్చి, ధనియాలపొడి, నువ్వులపొడి కూరి పెడితే, అబ్బ, దొండకాయ సిగ్గుపడాలి. ఆ ఊళ్ళో కరెంటు పోయేది కాదు, అదొక అదృష్టం. చలికాలం వస్తే సాక్చీ బజారులో క్యాలీఫ్లవర్లు గుట్టలు పోసి అమ్మేవారు.

మొదట్లో నా పళ్లెం వైపు ఎవరూ చూడలేదు. "గేదెలకి కలిపినట్టుంది" అన్నారు అత్తగారు. మీ నాన్న ముక్కు మూసుకునేవాడు. వాళ్ళకి మామూలుగానే బంగాళాదుంప వేపుడో, బెండకాయ వేపుడో, ఆపైన అప్పడాలో చేసి, చివర్లో నాది ఓవెన్లో పెట్టుకునేదాన్ని. జబ్బు మనిషికి విశ్రాంతి కావాలని డాక్టరమ్మ చెప్పింది కదా, అందుకని ఇంట్లో వంటలు రెండు రకాలయ్యాయి.

కొంప ముంచింది వెల్లుల్లి. నువ్వులపొడి వేడి ముక్కల మీద పడి, కాలిన వెల్లుల్లితో కలిసి వాసన హాల్లోకి వెళ్ళడం మొదలైంది. ఓ మధ్యాహ్నం మీ తాతయ్య పొద్దుటి ఏ-షిఫ్ట్ ముగించుకుని వచ్చి, బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చేశారు.

"ఎలగొచ్చిందో ఓ శాంపిల్ ఇయ్యి."

ఇచ్చాను. ఒక్క శాంపిల్‌తో నాణ్యత తేలదట. ట్రేకి నాలుగు మూలల నుంచీ తియ్యాలట, మధ్యలోంచి ఒకటట. ప్లాంట్‌లో అదే పద్ధతట.

తర్వాత అత్తగారు. "పళ్ళు లేనిదాన్ని, ఆ గుమ్మడి ముక్కలైతే మెత్తగుంటాయి. రెండు పడీయి." గేదెలు ఏమయ్యాయో నేను అడగలేదు. మీ నాన్న అప్పుడే ఒళ్ళు పెంచాలని కసరత్తు మొదలెట్టాడు, "అమ్మా, వేపుడు వద్దు, ఫిట్‌నెస్ పాడవుద్ది" అన్నాడు. మీ అత్త అయితే అడగడం కూడా లేదు. ఫోర్కు పట్టుకుని ఓవెన్ దగ్గరే నిలబడి, "బస్ టేస్ట్ కర్ రహీ హూఁ" అంటూ, ఆ రుచి చూడ్డంలోనే సగం ట్రే ఊడ్చేసేది.

మా ఇళ్ళల్లో ఆడమనిషి చివర తింటుంది కదా. నేను కూర్చునేసరికి ట్రేలో నాలుగు మాడిన బీన్స్ ముక్కలు మిగిలేవి. పక్కన గిన్నె నిండా బంగాళాదుంప వేపుడు. అందరూ నా కూరతోనే కడుపు నింపుకున్నారు మరి. వేపుడు పారేస్తామా? దుంపలూ నూనే ఊరికే వస్తాయా? నేనే తినేదాన్ని. అప్పడాలు మెత్తబడిపోతాయని అవీ నేనే. అలా నా పథ్యం ఇల్లంతా చేసింది. ఇంటిల్లిపాది వేపుళ్ళు నేనొక్కదాన్నే తిన్నాను.

ఎక్కువ చేస్తే సరిపోతుందేమో అనుకున్నాను. రెండో ట్రే కూడా పెట్టాను. మీ తాతయ్య టిఫిన్ డబ్బాలో ప్లాంట్‌కి పట్టుకెళ్ళడం మొదలెట్టారు. అక్కడివాళ్ళు కూడా శాంపిల్ తీశారు.

ముందు నేను తింటానని నెమ్మదిగా చెప్పి చూశాను కూడా. అత్తగారు బుగ్గ నొక్కుకున్నారు.

"మగోడు డూటీ నుంచి రాకుండా నువ్వు తినేత్తావేటే? ఓలమ్మ, ఇదెక్కడి హార్మోనే!"

మూడు నెలలయ్యాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. స్కూటరు ఎక్కడానికే నాకు ఆయాసం వచ్చింది. లోపల నన్ను కాటా మీద నిలబెట్టింది. బరువు తగ్గకపోగా పెరిగింది. ఆవిడ కళ్ళజోడు కిందికి దించి, "పథ్యం చెయ్యట్లేదా?" అని హిందీలో అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మీ తాతయ్య అందుకున్నారు. "చెయ్యకపోవడమేంటి మేడమ్! మా ఇంట్లో రోజూ కాల్చిన కూరలే. నూనె ఒక్క చెంచా. నేనే ఓవెన్ కొన్నాను."

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. పైనుంచి కిందికి చూసింది. ఆయన ప్యాంటు నడుం దగ్గర ముడతలు పడి, బెల్టు కొత్త చిల్లులోకి వచ్చి ఉంది. "మీరు బాగా తగ్గారే" అంది.

"అవును మేడమ్! ఒళ్ళు తేలిగ్గా ఉంది. మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కుతున్నాను. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు కూడా తగ్గాయి!"

ఆవిడ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. మాత్ర మోతాదు పెంచింది. చీటీ నా చేతికిస్తూ నెమ్మదిగా, "మందు వాళ్ళు తింటే జబ్బు నీకు తగ్గదు" అంది. అప్పటికే మీ తాతయ్య బయట స్కూటరు స్టాండు తీస్తున్నారు.

దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయన వెనక్కి తిరిగారు.

"నీకు విల్ పవర్ లేదే. నన్ను సూడు."

ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. సన్నగా, చక్కగా ఉన్నారు. నా కూరలు ఆయనకి బాగా పట్టాయి.

ఇక్కడ మీకు ఇంకో సంగతి చెప్పాలి. ప్లాంట్‌లో ఒక నియమం ఉంది. ఏ మిషన్ మీదైనా మనిషి పనిచేస్తుంటే, దాని కరెంటు స్విచ్ ఆపేసి దానికి ఎర్ర ట్యాగు కడతారు. 'ముట్టవద్దు, మనిషి పనిలో ఉన్నాడు' అని హిందీలోనూ ఇంగ్లీషులోనూ అచ్చేసి ఉంటుంది. కింద కట్టినవాడి పేరు. ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి. ఇంకెవరు ముట్టుకున్నా మనిషి ప్రాణం పోవచ్చు. ఒకసారి ఎవరో పెద్ద ఆఫీసరు, పని ఆగిపోతోంది స్విచ్ వెయ్యమని కేకలేస్తే, మీ తాతయ్య అడ్డంగా నిలబడి, "ట్యాగు కట్టినోడు వచ్చి తియ్యాలి సార్, మీరూ తియ్యకూడదు, నేనూ తియ్యకూడదు" అన్నారట. ఆ కథ మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టం విన్నాడు. పాలవాడు కూడా విన్నాడు. మీ నాన్నకీ అత్తకీ మాటలొచ్చిన దగ్గర్నుంచీ అది కంఠతా వచ్చు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చిన రెండు మూడు రోజులకి, ఆయన యూనిఫారం ఉతకబోతూ జేబులు చూసుకుంటే, అలాంటి ట్యాగు ఒకటి దొరికింది. కొత్తది, తీగతో సహా, పేరు రాయనిది. బట్టలు నానబెట్టడం మానేసి కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజు బంగాళాదుంప వేపుడు చేశాను. అప్పడాలు వేయించాను. ఎవరికీ ఏ లోటూ చెయ్యలేదు. తర్వాత పర్వల్‌లో పొడి కూరాను, గుమ్మడి ముక్కలు, క్యాలీఫ్లవర్ పరిచాను. కాలాక స్విచ్ ఆపి, ఓవెన్ మూత పిడికి తీగ చుట్టి ట్యాగు కట్టాను. గీత మీద పెన్నుతో నా పేరు రాశాను. పెళ్ళయ్యాక నా పేరు నేనే ఎక్కడైనా రాసుకుని చాలాకాలమైంది. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి.

ఆయన రెండున్నరకి వచ్చారు. వాసన పట్టుకుని తిన్నగా వంటింట్లోకి వచ్చి మూత మీద చెయ్యి వెయ్యబోయారు. ట్యాగు కనిపించింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది. వేడి తగిలినట్టు వెనక్కి లాగేసుకున్నారు.

"ఇదేటిది?"

"ట్యాగండీ."

"ఎవలు కట్టినారు?"

"పేరు రాసుంది చూడండి."

వంగి చదివారు. అత్తగారు వెనక నుంచి వచ్చారు. "ఏట్రా అలగ నిలబడిపోయినావు? కాయితం ముక్కే కదేటి, తీసీ." అని చెయ్యి చాచారు.

"అమ్మా! సెయ్యెట్టకు!" ఇల్లంతా అదిరేలా అరిచారు మీ తాతయ్య. పాపం అత్తగారు రెండడుగులు వెనక్కి వేశారు. ఆ కేక అలవాటుగా నోట్లోంచి వచ్చేసిందని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. మీ అత్త ఫోర్కుతో పరిగెత్తుకొచ్చి, చదివి, "డాడీ, ట్యాగ్ హై. ఆప్ హీ తో బోల్తే హైఁ" అని ఆయన మాట ఆయనకే గుర్తుచేసింది. ఆ ఒక్కరోజే దాని నోట్లోంచి మంచి మాట వచ్చింది.

ఆయన గొంతు సవరించుకున్నారు. ఏం పని జరుగుతోందని ప్లాంట్‌లో పనివాళ్ళని అడిగినట్టే అడిగారు.

"జాబేటి?"

"నా భోజనం."

"ఎంతసేపు?"

"అయ్యేదాకా."

నేను ట్యాగు విప్పలేదు. తీగ వదులు చేసి, మూత వారగా ఎత్తి, ట్రే బయటికి తీశాను. పళ్లెంలో అన్నీ నాకే పెట్టుకున్నాను. పిడికెడు అన్నం, కాస్త పెరుగు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ ఇంట్లో పదిమంది చుట్టాలకి వడ్డించాను గానీ, పొగలు కక్కుతున్న పళ్లెం ముందు నేను కూర్చోవడం అదే మొదలు. నాలుక కాలింది. పర్వల్ పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంది. నేను రోజూ ఇంత బాగా చేస్తున్నానని నాకు అంతవరకూ తెలియదు.

వాళ్ళు గుమ్మంలో వరసగా నిలబడ్డారు. మీ తాతయ్య గోడ గడియారం చూసుకున్నారు, ట్యాగుని చూసుకున్నారు, నన్ను చూశారు. నా చేతికి గాజులు లేకపోవడం ఆయన అప్పుడే చూసినట్టున్నారు. "గాజులేవే?" అన్నారు.

"ఎక్కడం లేదండీ. నాలుగు నెలలు దాటింది."

నేను తొందరపడలేదు. తిన్నాను, పళ్లెం కడిగాను, చెయ్యి తుడుచుకుని అప్పుడు ట్యాగు విప్పాను.

"క్లియరా?" అని అడిగారు, ప్లాంట్‌లో పని ముగిసిందా అని అడిగే మాటతో.

"క్లియర్."

వెళ్ళి ట్రేలోకి చూశారు. నువ్వులపొడి తప్ప ఏమీ లేదు. వేలితో అద్దుకుని నాకారు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని, తన వాటా బంగాళాదుంప వేపుడు తను పెట్టుకున్నారు. అత్తగారు అప్పడం విరుస్తూ, "ఆడదానికి ట్యాగేటి, కలికాలం" అన్నారు గానీ, ఓవెన్ జోలికి వెళ్ళలేదు.

అదే రోజూ సాగింది. వాళ్ళకి కూడా కాల్చిన కూర కావాలంటే కూరగాయలు తెచ్చి, కోసి, ట్రే నింపి వాళ్ళే పెట్టుకోవాలన్నాను. మీ నాన్న నేర్చుకున్నది అలాగే, ఇప్పుడు మీ అమ్మ ముందు గొప్పలు పోతున్నాడు కదా. తర్వాతిసారి డాక్టరమ్మ కాటా చూసి తల ఊపింది. రక్తం కూడా దారికొచ్చింది. ఇంకొన్నాళ్ళకి గాజులు సబ్బు లేకుండా ఎక్కాయి. మీ తాతయ్య ప్యాంటు నడుం దగ్గర ముడతలు కాస్త నిండాయి. బెల్టు పాత చిల్లుకి వెళ్ళింది. విల్ పవర్ గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

నువ్వు ఫోన్లో, నాన్నమ్మా, ముక్కలు ఎంతసేపు కాల్చాలి అని అడిగావు. మీ ఓవెన్లు నాకు తెలియవు. అంచులు ఎర్రబడి, చాకు గుచ్చితే తేలిగ్గా దిగేదాకా కాల్చు. దించగానే రూములో అమ్మాయిల్ని పిలవకు. ముందు నీ పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని, వేడివేడిగా తిను. వాళ్ళు మంచి పిల్లలే అయ్యుంటారు, మా ఇంట్లోవాళ్ళు మాత్రం చెడ్డవాళ్ళా?

ఆ ట్యాగు ఇంకా ఇక్కడే ఉంది. పసుపు మరకలు పడి అక్షరాలు సగం పోయాయి. ఓవెన్ ఎప్పుడో పాడైంది. రిటైరై ఇన్నేళ్ళయినా, మధ్యాహ్నం నేను పళ్లెం ముందు కూర్చుంటే మీ తాతయ్య హాల్లోంచే కేకేస్తారు, "క్లియరా?" అని. నోట్లో ముద్ద ఉంటే నేను జవాబు చెప్పను. ఆయన అక్కడే ఆగుతారు.